కంప్యూటరుకు మతం లేదట!

కంప్యూటరుకు కులం లేదు, మతం లేదు అన్నారు. కాలేజీలో చేరిన మొదటి రోజున షామియానా కింద మైకు పట్టుకుని యాజమాన్యం చెప్పింది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నప్పటి నుంచి ప్రభుత్వాలు చెబుతూనే ఉన్నాయి. మా లౌకిక మిత్రులైతే మరీ ప్రేమగా చెప్పారు: 'ఈ మందిరం, మసీదు గొడవలు వదిలెయ్యండి భాయ్. మీ పిల్లలకు కంప్యూటరు నేర్పించండి, అన్నీ సర్దుకుంటాయి.' ఆ గొడవ మేం పెట్టింది కాదని, 1992 డిసెంబరు 6న గుమ్మటాలు కూలింది మా గుండెల మీదేనని చెప్పే ఓపిక లేక సరే అన్నాం. పిల్లల్ని కంప్యూటర్ సైన్సులో చేర్చాం. చదివి బయటికొచ్చిన వాళ్ళం, చదివించి అప్పులపాలైన వాళ్ళం, మధ్యలో ఆగిపోయిన వాళ్ళం ఇప్పుడు ఒకచోట కూర్చున్నాం. ఆ మాటకు లెక్క చెప్పే వంతు మాది.

మేమంటే ఎవరం? సాయిబులంటే మీకు నిజాము గుర్తొస్తాడు, షేర్వాణీ గుర్తొస్తుంది. మాకు చాట గుర్తొస్తుంది. ఒళ్ళో చాట పెట్టుకుని గోడకానుకుని కూర్చున్న అమ్మీ గుర్తొస్తుంది. కోరుట్ల, జగిత్యాల గల్లీల్లో పొద్దున ఫజర్ నమాజు నుంచి రాత్రి కరెంటు పోయేదాకా ఆ చాట దిగదు. తునికాకు నానబెట్టాలి, తడిబట్టలో చుట్టిపెట్టాలి, కొలత రేకు పెట్టి కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి ముడవాలి. ఇరవై అయిదు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. కార్ఖానాలో ఇచ్చినప్పుడు బాగాలేవని పక్కన పడేసేవి పోగా మిగిలినవే కూలి. సెమిస్టరు ఫీజు మా ఇళ్ళల్లో రూపాయల్లో లెక్కపెట్టరు, వేలల్లో లెక్కపెడతారు. వేలంటే వేల బీడీలు. ఈ పనిలో మా తల్లుల పక్కనే పద్మశాలి తల్లులూ ఉన్నారు, మాదిగ, ముదిరాజ్ తల్లులూ ఉన్నారు. అబ్బా ఉంటే దుబాయిలోనో దమ్మాంలోనో ఉంటాడు. పంపిన డబ్బులో సగం, ఆయన్ని పంపడానికి చేసిన అప్పుకే పోతుంది.

బీడీ తల్లుల పిల్లలు చదువుకోవాలని ఈ దేశం ఒకప్పుడు అనుకుంది కూడా. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం తెచ్చారు. బీడీల మీద సెస్సు వసూలు చేసి, దాంతో దవాఖానాలు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు. 2017లో జి.ఎస్.టి. వచ్చి బీడీ మీద 28 శాతం పన్ను వేసింది, సెస్సును ఎత్తేసింది. బీడీ పన్ను పెరిగిందని అందరికీ తెలుసు. బీడీ పిల్లల పేరు మీద ఉన్న సెస్సు పోయిందని ఎందరికి తెలుసు? పొగాకు మంచిదని మేం వాదించం. ఆ ధూళి పీల్చి దగ్గేది మా ఇళ్ళల్లోనే.

ఇక కాలేజీ. 1978 అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించి సర్కారు మా ఊళ్ళకు పోలీసుల్ని పంపింది. చదువుకు మాత్రం చాలాకాలం ఎవరినీ పంపలేదు. నాచుపల్లిలో, కొండగట్టు దగ్గర, జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కాలేజీ 2007లో వచ్చింది. సిరిసిల్లకు 2021లో వచ్చింది. ఈ మధ్యకాలంలో ఖాళీని ఎవరు నింపారు? మొన్నటిదాకా రైసు మిల్లో, కాంట్రాక్టో, చిట్‌ఫండో నడిపిన వాళ్ళు నింపారు. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది. అది పేదపిల్లల కోసం వచ్చిందనే మేమూ నమ్ముతాం, ఆ పథకమే లేకపోతే మాలో సగం మంది గడప దాటేవాళ్ళం కాదు. కానీ డబ్బు ఎటు పారితే అటు కాలేజీ మొలిచింది. పొలం మధ్యలో రెండంతస్తుల బిల్డింగు, ముందు సరస్వతి విగ్రహం, పసుపు రంగు బస్సు. తనిఖీ రోజున పక్క కాలేజీ నుంచి అద్దెకొచ్చే ప్రొఫెసర్లు, అద్దెకొచ్చే పుస్తకాలు. 2014లో వసతులు లేవని జె.ఎన్.టి.యు. వందకు పైగా కాలేజీలకు అఫిలియేషన్ ఆపినప్పుడు రాష్ట్రమంతా ఆశ్చర్యపోయింది. లోపల కూర్చుని చదివిన మాకు ఆశ్చర్యం లేదు.

మేం చదివిన ల్యాబు సంగతి చెప్పాలి. ఊరు వద్దు, కాలేజీ పేరు వద్దు. అట్లాంటివి ఒకటా రెండా? చెప్పులు బయట విప్పి లోపలికి పోవాలి, మసీదులోకి పోయినట్టే. కంప్యూటర్ల మీద దుప్పట్లు కప్పి ఉండేవి. ఒక్కో దాని ముందు ముగ్గురం. మధ్యలో కూర్చున్నవాడికి కీబోర్డు, పక్కవాళ్ళకు చూపు. ప్రోగ్రాము మిషను మీద కాదు, రికార్డు పుస్తకంలో నడిచేది. నల్ల ఇంకుతో ప్రోగ్రాము, నీలం ఇంకుతో అవుట్‌పుట్. తప్పొస్తే ఏం చెయ్యాలో చెప్పే సారు కూడా పోయినేడు ఇదే కాలేజీలో పాసై, అదే బస్సులో మాతో వచ్చేవాడే. ఆయన్ననడం లేదు మేం, ఆయనకూ నెలల తరబడి జీతం రాలేదు. ఫైనలియరు ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనుక్కున్నాం. పేజీకింత కాదు, బ్యాచికింత.

ఆ ల్యాబులో మా బెంచి మీద సిరిసిల్ల దోస్తు ఒకడు ఉండేవాడు. వాళ్ళ నాయిన సాంచెల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. మొదటి సంవత్సరం పుస్తకంలో కంప్యూటరు చరిత్ర అని నాలుగు లైన్లుండేవి, బాబేజ్ పేరుండేది. ఎక్కడా చెప్పనిది ఒకటుంది. ఫ్రాన్సులో జకార్డు అనే ఆయన 1804 ప్రాంతంలో మగ్గానికి చిల్లులు పొడిచిన అట్టలు తగిలించాడు. చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. బట్ట మీద పువ్వు దానంతటదే పడుతుంది. తన యంత్రానికి లెక్క చెప్పడానికి బాబేజ్ 1830లలో ఆ అట్టల పద్ధతే తీసుకున్నాడు. అంటే కంప్యూటరుకు మొదట నేర్పింది మగ్గమే. నేతకారుల ఊరి నుంచి వచ్చిన పిల్లవాడికి ఈ మాట నాలుగేళ్ళలో ఒక్క సారూ చెప్పలేదు. చెప్పి ఉంటే వాడు వెనక బెంచిలో కూర్చునేవాడా? 'మీదేం చదువు, సాంచెలు నడుపుకోపోరాదా' అని ఎవడో అంటే తలొంచుకునేవాడా? చదువు కొనుక్కున్నాం సరే, ఆ చదువులో మా ఊరు లేకుండా అమ్మారు.

మా సంగతీ అంతే. అల్గారిథమ్ అనే మాట తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి వచ్చింది. ఇది మాత్రం మా పెద్దలకు బాగా తెలుసు. జుమ్మా నమాజయ్యాక చాయ్ హోటల్లో ఆయన పేరు చెప్పి మీసం తిప్పుతారు. ఇంటికొచ్చి కూతురిని ఇంటర్ దగ్గర ఆపేస్తారు. ఈ విషయానికి మళ్ళీ వస్తాం.

భాష దగ్గర మాకు మొదటి దెబ్బ. మాలో కొందరం ఉర్దూ మీడియం, ఎక్కువమందిమి తెలుగు మీడియం సర్కారు బడి. ఇంగ్లీషు లేకుండా ఇంజనీరింగేమిటని నవ్వారు. అదే హైదరాబాదులో 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంతో మొదలైంది. దానికి ముందే 1917లో దారుల్ తర్జుమా పెట్టి లెక్కలు, రసాయనం, వైద్యం పుస్తకాలన్నీ ఉర్దూలోకి తెచ్చారు. వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలో చెప్పారు. 1948 పోలీసు చర్య తర్వాత అదంతా ముగిసిపోయింది. నవాబుల పాలన గొప్పదని చెప్పడానికి కాదు ఈ మాట. ఆ పాలనలో తెలుగు పిల్లలకు ఏం జరిగిందో మాకు తెలుసు, అందులో గరీబు సాయిబు కూడా దివాణం మెట్లు ఎక్కలేదు. మేం చెప్పేది ఒకటే, భాషకు చేతకాకపోవడమనేది ఉండదు, చేతులు కట్టేస్తే ఉంటుంది. ఉర్దూకైనా అంతే, తెలుగుకైనా అంతే. పైగా క్లాసులో మేం తెలుగులో మాట్లాడితే 'అరే, నీకు తెలుగు బాగనే వస్తదే' అని మెచ్చుకుంటారు. మా తాతలు పుట్టిన ఊళ్ళో మా అమ్మభాషలకు మాకు సర్టిఫికెట్ ఇస్తారు.

రెండో దెబ్బ సీటు దగ్గర. 'మీకేం, నాలుగు శాతం' అంటారు. ఆ నాలుగు శాతం ఎట్లా వచ్చిందో అన్నవాళ్ళకు తెలీదు. 2004లో అయిదు శాతం అని జీవో ఇచ్చారు, హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టం చేశారు, అదీ కొట్టేసింది. 2007లో వెనకబడిన ముస్లిం సమూహాలకు మాత్రమే నాలుగు శాతం అని బి.సి. ఇ. తెచ్చారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు నీడలోనే మా పిల్లలు బ్యాచి తర్వాత బ్యాచి చదివారు. 2017 ఏప్రిల్‌లో పన్నెండు శాతం అని తెలంగాణ అసెంబ్లీ బిల్లు పాస్ చేసి ఢిల్లీకి పంపింది. పండగలా మిఠాయిలు పంచారు. సీట్లు మాత్రం పంచలేదు.

మతాన్ని బట్టి ఇచ్చారంటారు. జాబితా చదివారా? అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, ఫకీర్లు, తురక కాశలు, ఖురేషీలు, హజ్జాములు. వీళ్ళంతా పనిని బట్టి వెనకేయబడ్డవాళ్ళు. సయ్యదులు, పఠాన్లు, మొఘళ్ళు అందులో లేరు. ఆ జాబితా మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన దానికన్నా మా సయ్యదు పెద్దమనుషుల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఇస్లాంలో కులం లేదని మైకులో చెప్పి, దూదేకుల ఇంట్లో పిల్లనివ్వని వాళ్ళు వీళ్ళు. 2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక వచ్చినప్పుడు అందరూ దాన్ని తలకెత్తుకున్నారు. మదర్సాకు పోయే మా పిల్లలు నూటికి నలుగురికి మించరని అందులో రాసి ఉంది. అయినా ఇప్పటికీ టీవీలో మా చదువు గురించి మాట్లాడితే వెనక మదర్సా బొమ్మే వేస్తారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ మా పిల్లల్లో నాలుగో వంతు మంది అసలు బడి మొహం చూడలేదు, లేదా మధ్యలో మానేశారు. ఆ మాట కూడా అదే నివేదికలో ఉంది. దానికి బొమ్మ లేదు.

మూడో దెబ్బ పేరు దగ్గర. అసలు మాట ఇదే.

సి భాషలో ఒక చిన్న ఫంక్షను ఉంది. రెండు మాటలిస్తే అవి ఒకటేనా కాదా చూస్తుంది. ఒకటే అయితే సున్నా, ఒక్క అక్షరం తేడా వచ్చినా సున్నా కాదు. మొదటి సంవత్సరంలో నేర్చుకున్నాం, అప్పుడు అది మా గురించేనని తెలీలేదు. పదో తరగతి మెమోలో ఎం.డి. అని రెండక్షరాలు, ఆధార్‌లో మొహమ్మద్, కాస్టు సర్టిఫికెట్లో మహ్మద్, బ్యాంకు పుస్తకంలో మొహద్. రాసింది మేమా? బడిలో చేర్చుకున్న సారు ఒకలా రాశాడు, మీసేవలో కూర్చున్నవాడు ఒకలా కొట్టాడు. షేక్ ముందా వెనకా, బేగం ఇంటిపేరా కాదా, ఏ ఆఫీసుకూ తెలీదు. స్కాలర్‌షిప్పు వెబ్‌సైటులో పేరు కలవలేదని వస్తుంది. కలపడానికి తహసీల్దారు ఆఫీసు, నోటరీ అఫిడవిట్టు, మళ్ళీ మీసేవ. ఈలోగా గడువు దాటుతుంది. రెడ్డికీ రావుకీ ఇంటిపేరు ఎక్కడ పెట్టాలో ఈ ప్రోగ్రాములకు తెలుసు. మా పేరుకు గడి లేదు. ఆ గడి గీసిన గదిలో మావాళ్ళు ఎవరూ లేరు గనక లేదు.

ఇదే కంప్యూటరు ఇంకోచోట ఎంత ఉదారంగా ఉంటుందో చూడండి. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ రేషను కార్డుల ఏరివేతకు వాడారు. వాహనాలు, ఆస్తులు, పన్నులు, కరెంటు బిల్లులు ఇట్లా ఆఫీసుకొకటిగా ఉన్న రికార్డులన్నీ జతచేసి, ఎవరు గరీబో ఎవరు కాదో అదే తేలుస్తుంది. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడికి కారుందని తేల్చింది. కారున్నది దాదాపు అదే పేరున్న ఇంకొక సయ్యదు గారికి. రిక్షా ఇంటికి రేషను ఆగిపోయింది. 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల కార్డుల్ని ఇంటింటికీ పోయి మళ్ళీ చూడండని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. అందులో అన్ని మతాల గరీబులూ ఉన్నారు. కానీ పేర్ల లెక్క గమనించండి. మాకు రావాల్సింది ఉంటే ఒక్క అక్షరం తేడాకు మేం మేం కాకుండా పోతాం. మా నుంచి లాక్కోవాల్సింది ఉంటే అక్షరాలు కలవకపోయినా ఇంకొకరమైపోతాం. బీడీలు చుట్టి చుట్టి గీతలు అరిగిపోయిన అమ్మీ వేలిని రేషను దుకాణంలో మిషను గుర్తుపట్టదు. 2021లో రోడ్డు మీద పోలీసులు ఆపి మాస్కు తియ్యమని ఫొటో తీసుకున్నందుకు ఎస్.క్యూ. మసూద్ అనే కార్యకర్త హైదరాబాదులో హైకోర్టుకు పోయారు, ముఖాలు గుర్తుపట్టే కంప్యూటర్లు ఏ చట్టం కింద పెట్టారని అడిగారు. వేలు గుర్తుపట్టనిది మొహం మాత్రం గుర్తుపడుతుందన్నమాట.

ఉద్యోగాల దగ్గరికి వస్తే సుఖదేవ్ థొరాట్, పాల్ అటివెల్ అనే పరిశోధకులు 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒకే రకం అర్హతలు, పేర్లు మాత్రం వేరు. ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడో వంతు దరిదాపుల్లో తేలింది. దళిత పేరుకూ తగ్గింది. మాకు ఈ పరిశోధన చదవాల్సిన అవసరం రాలేదు. అమీర్‌పేటలో గది కోసం తిరిగినప్పుడే తెలిసింది. పేరు చెప్పేదాకా గది ఖాళీ, చెప్పాక 'ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చిపోయిండ్రు బాబూ.' మెత్తగానే చెబుతారు. ఆఖరుకు ఎక్కడ తేలతాం? అబ్బా పోయిన విమానంలోనే. షార్జాలో, దోహాలో, స్టోర్ కీపరుగానో హెల్పరుగానో. వలస తనిఖీ అక్కర్లేదనే పాస్‌పోర్టుకు పదో తరగతి పాసైతే చాలు. బి.టెక్. అక్కర్లేదు.

ఇంతసేపూ బయటివాళ్ళను అడిగాం. ఇప్పుడు లోపలివాళ్ళను అడగాలి. 2021 జులైలో ఒకసారి, 2022 జనవరి ఒకటో తారీఖున బుల్లీబాయి పేరుతో ఇంకోసారి, మా ఆడవాళ్ళ ఫొటోలు పెట్టి వేలం వేశారు. పత్రికల్లో రాసేవాళ్ళు, విమానం నడిపేవాళ్ళు, కొడుకు కనబడక వెతుక్కునే తల్లి, ఎవర్నీ వదల్లేదు. చేసింది చదువులేని గూండాలు కాదు. గిట్‌హబ్ మీద యాప్ తయారుచేశారు. అరెస్టయినవాళ్ళలో బి.టెక్. కంప్యూటర్ సైన్సు చదివే కుర్రాడున్నాడు. మేం చదివిన సిలబస్సే! మతం లేని కంప్యూటరు చేసిన పని ఇది. ఆ మరుసటి నెలలోనే కర్ణాటకలో తలమీద గుడ్డ ఉందని మా పిల్లల్ని కాలేజీ గేటు బయట నిలబెట్టారు.

అప్పుడు మన పెద్దలు ఏం చేశారు? 'చూశారా, అందుకే ఆడపిల్లలకు ఫోనొద్దు, కంప్యూటరొద్దు' అన్నారు. వేలం వేసినవాడికి శిక్ష లేదు, వేలానికి పెట్టబడ్డ పిల్లకు శిక్ష. కోరుట్లలో ఇంటర్‌లో తొమ్మిది వందలు దాటిన పిల్ల చాట ముందు కూర్చుంది, అన్న ఫీజు కోసం బీడీలు చుట్టింది. అన్న నాలుగేళ్ళలో పద్నాలుగు బ్యాక్‌లాగులు పెట్టుకున్నాడు. ఇది ఎక్కడో విన్నది కాదు, మాలో ఒకరి ఇల్లు. ఆ చెల్లెలికి ఏం జవాబు చెబుతాం? ఫాసిజం వల్ల అని చెబుదామా? మైనారిటీ విద్యాసంస్థల హక్కు రాజ్యాంగం ముప్ఫయ్యో అధికరణంలో ఉంది. ఆ హక్కు చేతికొచ్చిన డబ్బున్న సాయిబులు మైనారిటీ అని బోర్డు రాయించి, లోపల మేనేజిమెంటు సీటు రేటు అందరిలాగే పెట్టారు. గల్ఫ్ డబ్బుతో మసీదుకు మార్బుల్ వేయించిన మా ఊళ్ళు ఆడపిల్లల కాలేజీకి ఒక బస్సు కొనలేకపోయాయి. చందా ఇచ్చిన వాళ్ళ చేతుల్లో మావీ ఉన్నాయి గనక అంటున్నాం.

లౌకిక మిత్రులకు ఒక మాట. మాపై దాడి జరిగితే మీరు సంతకాలు పెడతారు, ధర్నాలో కూర్చుంటారు. షుక్రియా. కానీ 2022 చివర్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా మైనారిటీ పిల్లల ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్పు ఎత్తేసినప్పుడు, పరిశోధనకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్పు ఆపేసినప్పుడు మీ కరపత్రాల్లో ఒక పేరా రాలేదు. రక్తం కారితేనే అది మా సమస్య, ఫీజు కట్టలేకపోతే అది విద్యారంగ సమస్య. ఈ విభజన ఎవరు చేశారు? కోరుట్ల సాయిబు పిల్లవాడికీ సిరిసిల్ల పద్మశాలి పిల్లవాడికీ ఒకే బెంచి, ఒకే బకాయి. ప్రైవేటు కాలేజీకి పోసే డబ్బుతో నాచుపల్లిలో, సిరిసిల్లలో ఉన్న సర్కారు కాలేజీల్లో సీట్లు పెంచండి, హాస్టళ్ళు కట్టండి, ఉర్దూ తెలుగు మీడియం పిల్లలకు మొదటి ఏడు భాష నేర్పండి అని ఇద్దరం కలిసి అడగాలి. దీనికి మతం అడ్డం రాదు. యాజమాన్యాలు మాత్రం అడ్డం వస్తాయి. 2024లో సీట్ల పరిమితి ఎత్తేయగానే వాళ్ళు సివిల్, మెకానికల్ వదిలేసి కంప్యూటర్ సైన్సు సీట్ల కోసం ఎట్లా పరుగెత్తారో చూశాం. 2025 నవంబరులో సర్కారు బకాయిలివ్వలేదని కాలేజీలకు తాళాలు వేశారు. సర్కారుకూ యాజమాన్యానికీ మధ్య తగాదా. తాళం మాత్రం పిల్లల చదువుకు.

ఆ తగాదాలో మా సర్టిఫికెట్లు ఇరుక్కున్నాయి. రీయింబర్స్‌మెంటు రాలేదు గనక మీరే కట్టి తీసుకుపోండి, సర్కారు ఇచ్చినప్పుడు మీకిస్తాం అంటారు. మొన్న అమ్మీ బుర్ఖా వేసుకుని, దినం కూలి పోగొట్టుకుని, కోరుట్ల నుంచి రెండు బస్సులు మారి ఆఫీసు కిటికీ దగ్గర నిలబడింది. 'సారూ, పిల్లగానికి ఇంటర్వ్యూ ఉన్నది, ఒరిజినల్ మెమో ఇయ్యుండ్రి, నేను నెలనెలా కడత' అంది. లోపలాయన కంప్యూటరులో పేరు కొట్టాడు. 'గా పేరు మీద ఎవ్వరు లేరమ్మా.' ఎం.డి. అని కొట్టి చూడమని మేం చెప్పాం. దొరికింది. బకాయి కూడా దొరికింది. కట్టాకే మెమో అన్నాడు. ఇంటర్వ్యూ తారీఖు దాటిపోయింది.

మెమోలు ఆ ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. మావి ఉన్నాయి, సిరిసిల్ల దోస్తువీ ఉన్నాయి. సోమవారం మళ్ళీ పోతున్నాం. ఈసారి వాళ్ళ నాయిన సాంచె ఆపి వస్తానన్నాడు. అమ్మీ వస్తుంది, ఇంట్లో చాట దించి చెల్లెలు కూడా వస్తుంది.